రెండోసారి లాగిన ముడి

కాకకూటం కొండను దూరం నుంచి చూసినవాడు ఇంద్రుడి తోట జారి భూమ్మీద పడిందనుకుంటాడు. శిఖరం చుట్టూ మబ్బులు వెండి అంచు ఉత్తరీయంలా చుట్టుకుని ఉంటాయి. చరియల మీద మోదుగలు నిప్పుకణికల్లా పూస్తాయి. రాళ్ళ సందుల్లోంచి దూకే సెలయేళ్ళు ఎండ తగిలినప్పుడల్లా కెంపులూ పచ్చలూ చిమ్ముతాయి. తీరా దగ్గరికి పోతే ఆ పూలకు వాసన ఉండదు, ఆ నీళ్ళకు చప్పుడుండదు, ఆ చెట్ల మీద కాకి తప్ప మరో పిట్ట వాలదు. దూరపు కొండలు నునుపని పెద్దలు ఊరికే అన్నారా?

ఆ కొండకు యజమాని భస్మకేతుడనే మాంత్రికుడు. రాత్రంతా క్షుద్రపూజలు చేసి పగలంతా గుహలో గుర్రుపెట్టి నిద్రపోవడం వాడి అలవాటు. కొండ మీద వాడికో గొర్రెల దొడ్డి ఉంది. అందులోవన్నీ ఒకప్పుడు మనుషులే. ఈ కథ జరిగిన రోజుకు మర్నాడు అమావాస్య. తెల్లవారకముందే దొడ్డిలోని పొట్టేళ్ళన్నిటినీ బలి ఇస్తాడని చుట్టుపక్కల రాజ్యాలన్నిటా పొక్కింది.

ఆ ఉదయం కొండదారిన ఇద్దరు ఎక్కుతున్నారు. ముందు నడిచేవాడి నెత్తిన గొంగడి కొప్పె, చేతిలో గొర్రెబొచ్చు కత్తిరించే కత్తెర. వెనక వచ్చే ఆడమనిషి భుజాన పెద్ద గోనెసంచి. చూసినవాళ్ళెవరైనా బొచ్చు కత్తిరించుకుని బతికే ఆలుమగలనుకుంటారు. నిజానికి ఆ గొంగడి కింద ఉన్నవాడు రత్నశిల రాజ్యానికి దళపతి, కొమ్మన. వెనక వస్తున్నది అతని సొంత అక్క నాంచారి. ఆ గోనెసంచిలో ఉన్నది బొచ్చు కాదు, అడ్డతీగ నారతో పేనిన తాడు.

"అక్కా, సంచి నాకివ్వు. బరువుగా ఉంటుంది" అన్నాడు కొమ్మన.

"మీరు దళపతిగారు. మీ భుజం మీద రాజముద్ర ఉంటుంది గానీ గోనెసంచి ఉంటుందా? నడవండి."

ఏడాది నుంచీ ఇదే వరస. నాంచారి తమ్ముణ్ణి తమ్ముడనదు, పేరు పెట్టి పిలవదు. మీరంటుంది, గారంటుంది. చెంపదెబ్బ ఒక్కసారే తగులుతుంది. ఈ గౌరవం మాత్రం రోజూ తగులుతూనే ఉంటుంది.

వాళ్ళది నారకోనలో తాళ్ళవంతెనలు అల్లే ఇల్లు. ఆ ఇంటికో ఆచారం ఉంది. వంతెన అల్లినవాడే దాని మీద తొలి నడక నడవాలి. అదీ ఒంటరిగా నడవకూడదు, తన ఇంటివాళ్ళలో ఒకరిని వీపుకు కట్టుకుని నడవాలి. దారిలో ప్రతి ముడినీ రెండుసార్లు గుంజి చూడాలి. కాలు మోపేముందు ఎడమ పాదంతో రెండుసార్లు తట్టాలి. కొత్త వంతెనకే కాదు, పాతదానికైనా రోజూ పొద్దున్నే ఇదే తంతు. వాళ్ళ నాన్న ఓబయ్య తల ముగ్గుబుట్ట అయ్యేదాకా ఆ పని చేశాడు. చేసిన ప్రతి పొద్దునా మొదటి అడుగుకు ఆయన మోకాళ్ళు గజగజలాడేవి. చూసేవాళ్ళు చూస్తూనే ఉండేవాళ్ళు. ఆయన దాచుకునేవాడు కాదు.

సిగ్గుపడింది కొడుకే. కొమ్మనకూ అదే వణుకు వచ్చింది. "కొమ్మన కాలు పెడితే గాలి లేకుండానే వంతెన ఊగుద్దిరా" అని ఈడువాళ్ళు నవ్వేవాళ్ళు. అలాంటి సమయం చూసుకుని భస్మకేతుడు సాధువు వేషంలో వచ్చాడు. చేతిలో చిన్న రాగిచెంబు. "నీ భయంతో నీకేం పని నాయనా? ఇందులోకి ఊది నాకిచ్చెయ్యి" అన్నాడు. కొమ్మన ఊదాడు. మర్నాడు వంతెన మీద ఈల వేసుకుంటూ పరుగెత్తాడు. ఆ నెలలోనే పులిని చంపాడు, ఆ ఏడే దళపతి అయ్యాడు. లోకం తీరే అంత. వణుకుతూ పని చక్కగా చేసేవాణ్ణి పిరికివాడంటుంది. వణక్కుండా చెడగొట్టేవాడికి పట్టుశాలువా కప్పుతుంది.

పోయిన ఏడు రత్నశిల రాజు కాకకూటం మీదికి దండెత్తాడు. లోయ దాటడానికి వంతెన కావాలన్నాడు. కొమ్మన రెప్పపాటులో అల్లించి, ముడులు తనే వేసి, "తొలి నడకా లేదు గిలి నడకా లేదు, సేనను నడవనివ్వండి" అన్నాడు. అప్పుడు నాంచారి మొగుడు మాచయ్య ముందుకొచ్చాడు. "బావమరిదీ, నీకు తీరికలేకపోతే నేను నడుస్తాలే. ఆచారం తప్పితే మామ పైనుంచి తిడతాడు" అని నవ్వి, ఎడమ పాదంతో రెండుసార్లు తట్టి, నడిచాడు. నడిమధ్యలో ముడి జారింది. కాళ్ళ కింది అడుగుతాడు తెగింది. మాచయ్య లోయలో పడుతుండగా భస్మకేతుడి పెంపుడు రాబందు వచ్చి గాలిలోనే కొండ మీది దొడ్డికి తన్నుకుపోయింది.

గట్టు మీద నిలబడి చూస్తున్న కొమ్మనకు గుండె ఒక్కసారైనా దడ అనలేదు. ఏనుగులాంటి మనిషి కళ్ళముందు పడిపోతుంటే మేఘం కదులుతుంటే చూసినట్టు చూశాడు. కన్నీళ్ళు తర్వాత వచ్చాయి గానీ ఆ దడ మాత్రం రాలేదు. అదే అతణ్ణి లోపల్లోపల చెదపురుగులా తింటున్నది.

కొండ నడుమ రెండు బండల మధ్య ఇరుకు ద్వారం. ద్వారం ముందు కంకాళి అనే ముసలి రాక్షసి కూర్చుని పుర్రెలో పేలాలు వేయించుకుంటోంది. దాని ముక్కు గుమ్మడికాయంత. కళ్ళు కనబడవు దానికి. వాసనే దాని చూపు.

"ఎవర్రా అది? ఆగండి" అంది ముక్కు ఎగబీలుస్తూ. "ఆడకూతురి వాసన తగులుతోంది. మంచి భయం, పచ్చిమిరపకాయలా ఘాటుగా ఉంది. మరి రెండో అడుగుల చప్పుడు ఎవరిది? వాసనే లేదేం? దయ్యానివా? శవానివా?"

కొమ్మన చెయ్యి కత్తెర మీదికి పోయింది. అతనికి తోచిన ఉపాయం ఒకటే, పొడిచెయ్యడం. నాంచారి అతని చెయ్యి పట్టుకుని గట్టిగా గిల్లింది.

"మా వోడేనమ్మా" అంది యాస మార్చి. "పుట్టుపిచ్చోడు. భయమంటే ఏందో ఎరగడు. నిప్పుల్లో చెయ్యి పెడతాడు, పాము తోక పట్టుకుంటాడు. ఇట్టాంటోణ్ణి ఒంటరిగా పంపితే కత్తెరతో తన కాలే కోసుకుంటాడని నేను వెనకాల తిరగతన్నా. అమావాస్య బలికి పొట్టేళ్ళ బొచ్చు తియ్యాలని కబురొస్తే వచ్చాం తల్లీ."

కంకాళి పొట్ట పట్టుకుని నవ్వింది. "అయ్యో, కట్టుకున్న ఖర్మ. పోండి పోండి. ఒకటి మాత్రం చెబుతున్నా, ఈ ద్వారం వచ్చేవాళ్ళకే గానీ పోయేవాళ్ళకు కాదు. మా అయ్యగారు నిద్రలేచి తాళం మంత్రం చదివితేనే మళ్ళీ తెరుచుకుంటుంది. పేలాలు తింటారా?"

"మా పిచ్చోడికి పడవు తల్లీ" అంది నాంచారి.

వాళ్ళు లోపల కాలు పెట్టగానే వెనక రెండు బండలూ చప్పుడు లేకుండా అతుక్కుపోయాయి.

దొడ్డి కొండకు అవతలి పక్క, సరిగ్గా లోయ అంచున ఉంది. ఎండ చుర్రుమంటోంది. లోపల పొట్టేళ్ళు గుంపుగా నిలబడి వచ్చిన ఇద్దరి వైపూ చూశాయి. వాటి కొమ్ములు శంఖుల్లా మెలితిరిగి ఉన్నాయి, వాటి బొచ్చు పట్టుకుచ్చుల్లా మెరుస్తోంది. కళ్ళు మాత్రం మనుషులవి. రాజులవీ, వర్తకులవీ, వీధిలో మనల్ని పలకరించి పోయేవాళ్ళవీ. ఒక్కటీ అరవడం లేదు.

"ఇందులో బావ ఎవరో ఎలా తెలుస్తుంది?" అన్నాడు కొమ్మన. "అందరివీ ఏడుపు కళ్ళే."

నాంచారి దొడ్డి తలుపు తీసి, గడప దగ్గర ఓ వాసం అడ్డంగా పడేసింది. "హేయ్, హేయ్" అని తోలింది. పొట్టేళ్ళు ఒకదాని వెనక ఒకటి వాసం మీంచి దూకుతూ బయటికి రాసాగాయి. తెల్లది దూకింది, బొల్లిది దూకింది, కొమ్ము విరిగింది దూకింది. చివర్లో మసిరంగు పొట్టేలు ఒకటి వచ్చి వాసం ముందు ఆగింది. ఎడమ గిట్ట ఎత్తి వాసం మీద టక్కు టక్కుమని తట్టింది. ఆ తర్వాతే దాటింది.

నాంచారి మోకాళ్ళ మీద కూలబడి దాని మెడ కావిలించుకుంది. అలాగే పట్టుకుని అంది, "ఏడాదిలో బాగా ఒళ్ళు చేశావయ్యా. నేనక్కడ గంజి తాగి చిక్కిపోతుంటే, ఇక్కడ పడి మేస్తున్నావా?"

పొట్టేలు ఆమె భుజం మీద గడ్డం ఆనించింది.

కొమ్మన పక్కకు తిరిగి నిలబడ్డాడు. గొర్రెజన్మ ఎత్తినా మాచయ్య తట్టి చూసుకోవడం మరవలేదు. మనిషిగా తిరుగుతూ తాను మరిచాడు.

మిగతా పొట్టేళ్ళు దొడ్డి బయటే గుంపుగా ఆగిపోయాయి. ద్వారం మూసుకుపోయింది గనక వాటికీ ఒక్కటే దారి, లోయ. కొమ్మన అంచుకు పోయి చూశాడు. అవతల గట్టు రత్నశిలది. పోయిన ఏడు తాను కట్టిన వంతెనలో ఇంకా మిగిలి ఉన్నవి పక్కల చేత్తో పట్టుకునే రెండు పట్టుతాళ్ళు మాత్రమే. కాళ్ళ కింది అడుగుతాడు ఆ రోజే తెగిపోయింది. కింద పాతాళం దాకా పొగమంచు, ఆ మంచులో ఎక్కడో నది.

"పట్టుతాళ్ళు గట్టిగానే ఉన్నాయి" అన్నాడు హుషారుగా. "అవి నాన్న పేనినవి. వాటికి ఉచ్చుల్లాంటి ఉరితాళ్ళు వేలాడగట్టి, వాటిలోంచి అడుగుతాడు దూర్చుకుంటూ పోతే చాలు. ఒక్క ఘడియలో అల్లేస్తాను. సంచి విప్పక్కా."

నాంచారి సంచి విప్పలేదు. దాని మీదే కూర్చుంది.

"విప్పను."

"అదేమిటి?"

"మీరు అల్లింది నేను తొక్కను దళపతిగారూ. నా మొగుణ్ణి తొక్కనివ్వను. ఒకసారి తొక్కనిచ్చాను గదా, చాలు."

"ఇప్పుడు పట్టింపులకు సమయమా అక్కా? మాంత్రికుడు లేస్తే అందరం చస్తాం."

"చస్తే చద్దాం. మీకు చావంటే లెక్కలేదు గదా. అందుకే మీరేసిన ముడిని నమ్మను. భయం ఉన్నవాడి చెయ్యి ముడి దగ్గరికి రెండోసారి పోతుంది. మీ చెయ్యి పోదు. చేతకాక కాదు, పోవాల్సిన పని మీకు కనబడదు." ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "నాకు వంతెన అల్లడం రాదు, ఆడపిల్లనని నాన్న నేర్పలేదు. నా తమ్ముడికి వచ్చు. వాడు వణుకుతూ అల్లేవాడు. వాడు అల్లిన వంతెన మీద నేను కళ్ళు మూసుకుని నడిచేదాన్ని. వాణ్ణి తీసుకురండి. ఆ గుహలో ఉన్నాడు, చెంబులో."

కొమ్మన వెనుదిరిగి గుహవైపు నడిచాడు.

గుహ లోపల వెలుగు ఎక్కడినుంచి వస్తోందో తెలియదు గానీ పట్టపగల్లా ఉంది. కప్పు నిండా ఉట్లు. ప్రతి ఉట్టిలో ఓ చెంబు. బంగారు చెంబులు, వెండి చెంబులు, రత్నాలు తాపిన చెంబులు, అన్నీ మహారాజుల భయాలు. భయం అమ్ముకున్న రాజు ఎవరి మీదికైనా దూకుతాడు, దూకి పోతాడు, వాడి రాజ్యం భస్మకేతుడి ఒళ్ళో పడుతుంది. అదీ వాడి వ్యాపారం. చెంబులన్నీ చలిజ్వరం పట్టినట్టు సన్నగా వణుకుతూ గలగలమంటున్నాయి. నడుమ పులితోలు మీద భస్మకేతుడు వెల్లకిలా పడుకుని గుర్రుపెడుతున్నాడు. వాడి జడలు మర్రివూడల్లా గుహంతా పరుచుకుని, ఒక్కో జడ చివర ఒక్కో పాము కళ్ళు మూసుకుని ఉంది.

కొమ్మన బీరబీరా నడిచాడు. పైన ఉట్లను చూస్తూ నడిచాడు. ఓ మూల చిలుము పట్టిన చిన్న రాగిచెంబు, అతను దగ్గరికి రాగానే ఊయలలోని పసిబిడ్డలా కదిలింది. అదేనని అందుకున్నాడు. అందుకోవడానికి వెనక్కి వేసిన కాలు సరిగ్గా ఓ జడ మీద పడింది.

కింద చూసుకోవాలని భయపడేవాడికి తోస్తుంది. ఇతనికి తోచలేదు.

పాము బుస్సుమని లేచింది. దాన్ని చూసి రెండోది, దాన్ని చూసి మూడోది. గుర్రు ఆగింది. భస్మకేతుడి ఎడమ కనురెప్ప సగం తెరుచుకుంది. కొమ్మన చెంబును గొంగడిలో చుట్టుకుని దూకాడు. ఓ పాము పిక్కకు తగులుకోబోతే కత్తెరతో నరికాడు, మరోదాన్ని తలమీంచి దాటాడు, గుహ నోట్లోంచి బాణంలా బయటపడ్డాడు. వెనక నుంచి ఆవులింత వినబడింది. పెద్ద ఆవులింత. ఆ తర్వాత, "ఎవర్రా నా ఇంట్లో?"

లోయ అంచుకు రాగానే చెంబును బండకేసి కొట్టాడు.

చెంబు పగిలింది. లోపలినుంచి నల్లగా ఏదో వస్తుందనుకున్నాడు. ఏమీ రాలేదు. ఎండ అలాగే ఉంది, గాలి అలాగే ఉంది. ఇంతలో అరచేతులు చెమర్చాయి. ఆ తర్వాత అన్నీ కలిసి వచ్చాయి. పులి నోటి వేడి ఊపిరి ముఖం మీద తగిలింది, అప్పుడు తగలనిది ఇప్పుడు తగిలింది. చెవి పక్కనుంచి పోయిన బాణాలన్నీ మళ్ళీ పోయాయి. దాటిన ప్రతి లోతూ కాళ్ళ కింద తెరుచుకుంది. అన్నిటికన్నా చివర వచ్చింది మాచయ్య పడిన క్షణం. ముడి జారినప్పుడు బావ తలెత్తి తనవైపు చూశాడు. ఆ చూపును అప్పుడు చూశాడు గానీ అందుకోలేదు. ఏడాదిపాటు చెంబులో ఉన్న ఆ చూపు ఇప్పుడొచ్చి గుండెలో దిగింది.

కొమ్మన నేలమీద పడి పశువులా అరిచాడు.

నాంచారి ఓదార్చే మనిషి కాదు. అరుపు తగ్గేదాకా నిలబడింది. ఆ తర్వాత సంచి విప్పి తాడుకొస అతని చేతిలో పెట్టింది. "వణుకుతున్నావా?"

"వణుకుతున్నానక్కా. నావల్ల కాదు. చేతులు పట్టడం లేదు. ఇంకెవర్నైనా..."

"ఇక్కడ ఇంకెవరున్నారు? గొర్రెలు అల్లుతాయా? నాన్నకూ పట్టేవి కాదు, మొదటి ముడికి. కట్టు."

కొమ్మన అడుగుతాడు కొసను రాతిగుంజకు చుట్టి ముడివేశాడు. వేళ్ళు చెప్పినట్టు వినడం లేదు. ముడి వంకరగా వచ్చింది. విప్పి మళ్ళీ వేశాడు. గుంజాడు. పట్టింది. చెయ్యి తనంతట తానే రెండోసారి పోయింది. గుంజాడు. పట్టింది. పట్టిందని ఎవరూ చెప్పలేదు, రాజు మెచ్చుకోలేదు, భేరీలు మోగలేదు. చేతికి తెలిసింది, అంతే. గవ్వంత ఏదో లోపల కుదురుకుంది. దళపతిగా గెలిచిన ఏ యుద్ధంలోనూ అది కుదురుకున్న గుర్తు లేదు.

"పొట్టేలును వీపుకు కట్టు" అన్నాడు.

"ఇప్పుడే కదా నావల్ల కాదన్నావు?"

"ఇప్పుడూ కాదు. అయినా ఆచారం తప్పకూడదన్నాడు కదా బావ."

నాంచారి తన చీర చెంగు చించి మాచయ్య పొట్టేలును తమ్ముడి వీపుకు కట్టింది. మిగిలిన తాడుచుట్ట తన భుజాన వేసుకుంది. ఉరితాళ్ళ కట్ట కొమ్మన నడుముకు. అతను రెండు పట్టుతాళ్ళ మధ్య ముందుకు వంగి, మొదటి ఉరితాడు వేలాడగట్టి, అడుగుతాడు అందులోంచి దూర్చి, రెండుసార్లు గుంజి, ఎడమ పాదంతో రెండుసార్లు తట్టి, కాలు మోపాడు. వంతెన ఊగింది. అతని మోకాళ్ళు అంతకన్నా ఊగాయి. కింద మంచు నోరు తెరుచుకుని ఉంది.

మరో ఉరితాడు. మరో ముడి. గుంజు, గుంజు. తట్టు, తట్టు. అడుగు. వెనక నాంచారి తాడు వదులుతూ, అతను కట్టినదాని మీద కాలుపెడుతూ వస్తోంది. ఆమె వెనక పొట్టేళ్ళు ఒక్కొక్కటిగా గట్టు దిగి, అడుగుతాడు మీద గిట్టలు జారకుండా తంటాలు పడుతున్నాయి.

అప్పటికి పగటినిద్ర మత్తు వదిలి, గట్టు మీద భస్మకేతుడు కనిపించాడు. జడలు గాలిలో తెరచాపల్లా లేచి ఉన్నాయి. ఒళ్ళంతా విభూతి, మెడలో కాకిపుర్రెల దండ, భుజాన కొండంత రాబందు. కానీ గొంతు మాత్రం మునుపటి సాధువు గొంతే, తేనె పూసినట్టుంది.

"నాయనా కొమ్మనా. అయ్యో, ఎట్లా వణుకుతున్నావు తండ్రీ. చూడలేకపోతున్నాను. సింహంలాంటివాడివి, ఈ గొర్రెల ముందు నీకీ అవమానమేమిటి? ఇదిగో కొత్త చెంబు తెచ్చాను. ఒక్కసారి ఊదు, చాలు. ఈల వేసుకుంటూ ఆ గట్టుకు పరుగెత్తిపోవచ్చు. నేను ఆపను. ఒట్టు."

కొమ్మన ఆగాడు. దాహంతో నాలుక పిడచకట్టుకుపోయినవాడికి చల్లటి నీళ్ళు చూపించినట్టుంది. ఒక్క ఊపిరి చాలు. ఈ వణుకు పోతుంది, ఈ గుండె చప్పుడు పోతుంది, బావ చూపు కూడా పోతుంది. అన్నిటికన్నా ఆ చివరిదే లాగింది అతణ్ణి.

నాంచారి వెనక తాడు పట్టుకుని నిలబడింది.

"అయ్యా" అన్నాడు కొమ్మన వెనక్కి తిరక్కుండా. గొంతు మేకపిల్ల గొంతులా వణికింది. "అది నాది. ఆ రోజు నాదని తెలియక ఇచ్చాను. ఇప్పుడు ఇవ్వను." తర్వాతి ఉరితాడు తీసి ముడి వేశాడు.

తేనె విరిగిపోయింది. భస్మకేతుడు పళ్ళు నూరి, అరచేతిలో ఊది, మంటను ఎడమ పట్టుతాటి మీదికి విసిరాడు. ఓబయ్య పేనిన పాత నార చిటపటమంది. నిప్పు తాటిని పట్టుకుని నెమ్మదిగా, బుద్ధి తెలిసిన పాములా, వాళ్ళ వైపు పాకడం మొదలెట్టింది. వెనక పొట్టేళ్ళు బెదిరి ఒకదాన్నొకటి తోసుకున్నాయి. వంతెన పక్కకు ఒరిగింది. పైన రాబందు రెక్కలు విప్పింది, దాని నీడ వాళ్ళ మీదుగా పోయింది.

"పరుగెత్తు" అంది లోపలినుంచి పాత గొంతు. "ముడులు చూడకు. వేసుకుంటూ పరుగెత్తు." నిజమే, ఆగితే కాలతారు. పరుగెత్తితే పడతారు. ఆ రెండో సంగతి అతనికి తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు?

ముడి వేశాడు. గుంజాడు. పట్టింది. వెనక వేడి తగులుతోంది. చెయ్యి రెండోసారి పోయింది. గుంజాడు. ముడి జారింది.

మొదటి గుంజుకు ఆగి రెండో గుంజుకు జారిన ముడి. ఏడాది కిందట సరిగ్గా ఇక్కడే, ఈ నడిమధ్యలోనే, గుంజి చూడని ముడి ఇదే. కళ్ళలో నీళ్ళు నిండి తాడు కనబడలేదు. వేళ్ళతోనే తడుముకుని విప్పాడు, మళ్ళీ వేశాడు, గుంజాడు, గుంజాడు. పట్టింది.

"ఒరే కొమ్మా" అంది వెనకనుంచి నాంచారి.

ఏడాది తర్వాత ఆ పిలుపు. అతను తల తిప్పబోయాడు.

"వెనక్కి చూడకురా, ముందు చూసి నడువు. ఇల్లు చేరాక నిన్ను తిట్టాల్సినవి చాలా ఉన్నాయి. ఒక్కటీ వదలను."

"తిట్టక్కా. అన్నీ తిట్టు" అన్నాడు కొమ్మన.

ఎడమ పట్టుతాడు గట్టు దగ్గర పటుక్కున తెగింది. వంతెన మొత్తం కుడిపక్కకు వాలి, అందరి బరువూ ఒక్క తాటి మీద, అతను వేసిన ముడుల మీద పడింది. కొమ్మన కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. కింద ముడులు ఒక్కొక్కటే కిర్రుమన్నాయి. మొదటిది, దాని తర్వాతది, మళ్ళీ వేసినది. నిలిచాయి.

నెత్తిన రెక్కల గాలి. రాబందు గోళ్ళు చాచి దిగుతోంది. అవతలి గట్టు ఇంకా సగం దూరముంది. కొమ్మన తర్వాతి ఉరితాడు అందుకున్నాడు, చేతులు వణుకుతూనే ఉన్నాయి. ముడి వేసి, గుంజి, గుంజి, పాదం ఎత్తి తట్టబోయేంతలో, వీపు మీది పొట్టేలు ఎడమ గిట్టతో అతని డొక్కలో మెల్లిగా రెండుసార్లు తట్టింది.

కొమ్మన కాలు మోపాడు.